పిల్ల తాబేలుకు తడి కావాలి

వించెస్టర్,
ఆదివారం

చిరంజీవి బాబుకు,

 

నీ సందేశమూ, దాంతోపాటు పంపిన ఫొటోలూ చూశాను. ఫోన్ చేసి రెండు ముక్కలు చెప్పి ఊరుకోవచ్చు గానీ నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు లేదు. "ఇంకోదాన్ని తేవచ్చా అత్తా, తెచ్చి దాన్ని కూడా పోగొట్టుకుంటానా?" అన్నావు. తేవచ్చు. తేవాలనే నా కోరిక కూడా. కానీ ఇప్పుడే వద్దు. మొదటి తాబేలు పిల్ల ఎందుకు పోయిందో నీ మనసుకు స్పష్టం కావాలి. రెండోదానికి పెట్టె ముందే సిద్ధమై, ఖాళీగా కొన్నాళ్లు నడిచి, నిలకడగా వెచ్చదనమూ తేమా చూపించాలి. అప్పుడు తెచ్చుకుందువు గాని.

పోయినదాన్ని పెరట్లో పాతిపెట్టేశావు కాబట్టి కారణం ఇదీ అని ఖాయంగా ఎవరూ చెప్పలేరు. ఇలాంటిది మళ్లీ రాకూడదు. ఒకవేళ వస్తే మాత్రం ఒంటిని గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు. ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకడితే లోపలి భాగాలు పాడై పరీక్షకు సరిగా పనికిరావు. మర్నాడే వెట్ దగ్గరికి తీసుకెళ్తే పోస్ట్‌మార్టం చేయిస్తారు. మనసుకు కష్టమైన పనే. కానీ తర్వాత వచ్చే ప్రాణానికి దానంత మేలు చేసేది ఇంకొకటి లేదు.

పోస్ట్‌మార్టం లేకపోయినా నీ ఫొటోలు చాలా చెబుతున్నాయి. పైకప్పు లేని చెక్క బల్ల, అడుగున ఎండు చెక్కపొట్టు. సరిగ్గా నడినెత్తిన, వేడినంతా ఒక్కచోటే గుమ్మరించే దీపం. మూలన చిన్న మూతంత నీళ్ల పళ్లెం. తాబేలు ఎడారి జంతువని, తడి తగిలితే జలుబు చేస్తుందని అమ్మినవాళ్లు కాగితం మీద రాసిచ్చారన్నావు. మొదట్లో బాగానే తిన్నదట. తర్వాత తిండి తగ్గిందట, కళ్లు తెరవడం మానేసిందట, దీపం కిందికి కూడా రాకుండా మూలన పడి ఉండేదట, చివరికి డిప్ప మెత్తబడిందట. ఈ వరస నాకు కొత్తది కాదు. నేను చూసినంతలో ఇళ్లలో పోయే తాబేలు పిల్లల్లో చాలావాటిది ఇదే కథ. అవి దాహంతో పోతాయి. ఒకరోజు నీళ్లు అందక కాదు. వారాల తరబడి రోజుకింత చొప్పున ఎండిపోయి పోతాయి.

ఆ ఎండిపోవడం నీ దగ్గరికి రాకముందే మొదలై ఉండొచ్చు. గుడ్డులోంచి బయటపడిన తొలి వారాల్లో పొడి చోట పెంచిన పిల్లకు మూత్రపిండాలు దెబ్బతింటాయి. పైకి చూడ్డానికి చలాకీగానే ఉంటుంది, తింటుంది, తిరుగుతుంది. కొన్నవాళ్లు తర్వాత ఎంత బాగా చూసుకున్నా కొన్నాళ్లకు నిలబడదు. అందుకని అంతా నా చేతుల్లోనే పోయిందని రాత్రిళ్లు కుమిలిపోకు. కానీ కారణం మాత్రం తెలుసుకో. నిజంగా పనికొచ్చేది అదే.

మీరు పెంచినది హెర్మన్ తాబేలు పిల్ల. స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ, బాల్కన్ దేశాలు దీని సొంత ఊళ్లు. అక్కడ పెద్ద తాబేళ్లు రాళ్ల మధ్య ఎండ కాచుకుంటూ కనిపిస్తాయి. వాటిని చూసినవాళ్లు తాబేలంటే ఎండ, పొడి నేల అనుకున్నారు. పిల్లలు ఎవరి కంటా పడలేదు, ఎందుకంటే అవి బయట తిరగవు. వేసవి ముగిసి తొలి వానలు పడే రోజుల్లో గుడ్లు పగులుతాయి. నేల మెత్తబడితే పిల్లలు మట్టి తవ్వుకుని పైకొస్తాయి. వచ్చీ రాగానే పొదల అడుగుకు, రాలిన ఆకుల కిందికి, గడ్డి దుబ్బుల మొదళ్లలోకి దూరిపోతాయి. పైన ఆకులు గలగలలాడుతున్నా అడుగున ఎప్పుడూ చెమ్మ ఉంటుంది. కాసేపు ఎండ అంచుకు వస్తాయి, ఒళ్లు వెచ్చబడగానే మళ్లీ చెమ్మలోకి పోతాయి. కాకుల నుంచి, నక్కల నుంచి తప్పించుకోవడానికి దాక్కుంటాయన్నది నిజమే. నీళ్లు నిలుపుకోవడానికి కూడా అలాగే దాక్కుంటాయి.

ఎందుకంత నీళ్ల అవసరం అంటావా? గుడ్డులోంచి వచ్చిన హెర్మన్ పిల్ల 10 నుంచి 15 గ్రాములు తూగుతుంది. ఒళ్లు ఎంత చిన్నదైతే బరువుతో పోల్చినప్పుడు చర్మం, డిప్ప అంత ఎక్కువ పరుచుకుని ఉంటాయి, వాటి గుండా నీరు అంత తొందరగా ఆవిరైపోతుంది. పన్నెండు గ్రాముల పిల్ల ఒక్క గ్రాము నీరు కోల్పోయిందంటే పన్నెండో వంతు పోయినట్టే. నీ బల్ల మీద వేడి దీపం కింద, హీటర్లు తిరిగే ఇంటి పొడి గాలిలో, రోజంతా జరిగింది అదే. నీరు తగ్గితే ఒంట్లోని వ్యర్థం, ఆ తెల్లని యూరేట్లు, గట్టిపడతాయి. మూత్రపిండాలు మొరాయిస్తాయి, పేగు కదలడం మానేస్తుంది, ఆకలి చస్తుంది. తినకపోతే నీరు ఇంకా తగ్గుతుంది. అక్కణ్ణుంచి వెనక్కి లాక్కురావడం వెట్‌కు కూడా కష్టం.

డిప్ప మీద గుట్టలు గుట్టలుగా లేచే ఎత్తుపల్లాల విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరిగింది. మాంసకృత్తులు ఎక్కువ తింటే అలా అవుతుందని చాలాకాలం అనుకున్నారు. వీస్నర్, ఇబెన్ అనే ఇద్దరు వియన్నా పరిశోధకులు ఆఫ్రికా సల్కాటా తాబేలు పిల్లల్ని రకరకాల తేమలో, రకరకాల మేత మీద పెంచి చూసి 2003లో ఫలితం ప్రచురించారు. పొడి గాలిలో పెరిగినవాటి డిప్పే గుట్టలు కట్టింది. మాంసకృత్తుల ప్రభావం నామమాత్రం. సహారా దక్షిణపు అంచు నేలల నుంచి వచ్చే సల్కాటాకే పసితనంలో తేమ కావాల్సి వచ్చిందంటే మధ్యధరా పొదల్లో పుట్టే మన హెర్మన్ పిల్ల సంగతి వేరే చెప్పాలా? ఆ ఫలితం వచ్చి ఇన్నేళ్లయినా పాత కాగితాలు అలాగే చేతులు మారుతున్నాయి. నాకు కోపం తెప్పించేది అదే.

ఇప్పుడు కొత్తదాన్ని తెచ్చుకునే మాట. దుకాణంలో వద్దు, నెట్‌లో ప్రకటన చూసి కొరియర్‌లో తెప్పించడం అసలే వద్దు. ఇంట్లో తల్లి తాబేళ్లను ఉంచుకుని గుడ్లు పొదిగించేవాళ్ల దగ్గరికి స్వయంగా వెళ్లు. వెళ్లి పిల్ల కన్నా ముందు దాని పెట్టె చూడు. అడుగున వేలు గుచ్చి చూడు, చెమ్మ తగలాలి. రోజూ నీళ్లలో కూర్చోబెడుతున్నారా అని అడుగు. వారానికొకసారి అన్నా, అవసరం లేదన్నా దండం పెట్టి వచ్చేయి. నీ కళ్లముందే ఆకు తినిపించమను. కళ్లు పూర్తిగా తెరిచి మెరుస్తూ ఉండాలి, ముక్కు పొడిగా ఉండాలి, చేతిలోకి తీసుకుంటే కాళ్లు బలంగా తన్నాలి. పుట్టి కనీసం రెండు మూడు నెలలు గడిచి, బరువు పుస్తకంలో రాసి ఉన్న పిల్లయితే మరీ మంచిది. అమ్మడానికి ఆర్టికల్ 10 సర్టిఫికెట్ ఉండాలి. హెర్మన్ తాబేలుకు బ్రిటన్‌లో అది లేకుండా అమ్మకం చట్టవిరుద్ధం. అది చూసి, ఫొటో తీసుకున్నాకే డబ్బు ఇవ్వు. ఆ కాగితం వెనుక పెద్ద కథే ఉంది. ఒకప్పుడు మధ్యధరా తీరాల అడవుల్లో పట్టిన తాబేళ్లను లక్షల్లో ఓడలకెక్కించి ఇక్కడ సంతల్లో అమ్మేవారు, వాటిలో చాలావరకు తొలి శీతాకాలమే దాటలేదు. 1984లో యూరప్ ఆ వ్యాపారానికి అడ్డుకట్ట వేసింది.

మీ పాప జంట అడుగుతోందన్నావు, ఒక్కటి ఉంటే దానికి తోచదని. వద్దని చెప్పు. తాబేలు ఒంటరి ప్రాణి, తోడు కోసం బెంగపెట్టుకోదు. రెండింటిని కలిపి ఉంచితే ఒకటి పెత్తనం చేస్తుంది, రెండోది వెచ్చని చోటుకూ ఆకుకూ దూరమై లోలోపల చిక్కిపోతుంది. కొట్టుకున్నట్టు కూడా మనకు కనపడదు.

మీ అమ్మ, అదే మా వదిన, ఫోన్లో ఇంకో మాటంది, మన ఊరి నుంచి నక్షత్ర తాబేలు పిల్లను ఎవరైనా తెచ్చిపెట్టలేరా అని. పాపం ఆవిడకు శ్రీకూర్మం గుర్తొచ్చి ఉంటుంది. కూర్మనాథుడి గుళ్లో నక్షత్ర తాబేళ్లు తిరుగుతుంటే చిన్నప్పుడు మేమందరం ఆకులు పట్టుకుని వాటి వెంట తిరిగినవాళ్లమే. కానీ మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ తాబేలును ఇంట్లో పెట్టుకోవడమే నేరం. 2019లో అంతర్జాతీయ వ్యాపారం నుంచి కూడా దానికి సైటీస్ ఒప్పందంలో అత్యున్నత రక్షణ ఇచ్చారు. రాయలసీమ చిట్టడవుల్లో పట్టి సంచుల్లో కుక్కి విమానాలెక్కిస్తున్నవాళ్ల వల్లే దానికా గతి పట్టింది. కలిసొస్తుందని ఇంట్లో పెట్టుకునేవాళ్లూ ఆ గొలుసులో ఒక లంకె. వదినకు ఇది మెల్లగా నువ్వే చెప్పు, నా మాటగా చెప్పు.

ఇక పెట్టె. పాత చెక్కపొట్టు, చెక్క బొరియ, అన్నీ పారేయి. బల్లనూ పళ్లేలనూ వెట్‌లు వాడే క్రిమిసంహారకంతో కడిగి ఎండబెట్టు. రోగమేదైనా ఉండి ఉంటే అది కొత్తదానికి అంటకూడదు. ఆ బల్లను తర్వాత ఎప్పుడైనా పిల్ల పెద్దయ్యాక వాడుకోవచ్చు, మొదటి ఏడాదికి మాత్రం పైన మూత ఉన్న పెట్టె కావాలి. తెరిచిన బల్ల మీద నువ్వెంత నీరు పోసినా ఇంటి హీటర్ దాన్ని తాగేస్తుంది. మూత ఉంటే చెమ్మ లోపలే నిలుస్తుంది.

అడుగున ఎరువులూ మందులూ కలపని తోటమట్టి, కొబ్బరి పొట్టు చెరిసగం కలిపి నాలుగు వేళ్ల మందాన పరువు. నీళ్లు పైన చల్లొద్దు, మూలల్లో పోయి. అవి అడుగున పారి కింది పొర తడిగా, పైపొర పొడిపొడిగా ఉంటుంది. పొట్ట ఎప్పుడూ బురదలో ఆనితే కింది డిప్ప కుళ్లుతుంది. పొరల తేడా అందుకే. ఒక చివర బోర్లించిన చిన్న డబ్బాకు ద్వారం కోసి, లోపల తడి నాచు కూరు. రోజులో ఎక్కువ సేపు అది అక్కడే ఉంటుంది. ఉండనీ. కనపడ్డం లేదని పాప తవ్వి తీస్తే ఒప్పుకోకు. దాక్కున్న పిల్లే క్షేమంగా ఉన్న పిల్ల.

రెండో చివర వెచ్చదనం. ఒక్క బిందువు మీద కాల్చే సన్నని దీపం కాకుండా వెలుగు వెడల్పుగా పరుచుకునేది పెట్టు. ఇరుకైన వెలుగు డిప్ప నడిమధ్యనే పడి దాన్ని ఎండగొడుతుంది, పక్కన కాళ్లు చల్లగానే ఉంటాయి, వెచ్చబడలేదని అది అక్కణ్ణుంచి కదలదు. దీపం కింద నేల మీద 32 నుంచి 35 డిగ్రీలు, చల్లని చివర 20 నుంచి 24. చేత్తో అంచనా కట్టకు, రెండు చివర్లా థర్మామీటర్లు పెట్టు. తేమ కొలిచే హైగ్రోమీటర్ 60 నుంచి 80 శాతం చూపాలి. దీపాలు పగలు పన్నెండు గంటలు, రాత్రి చీకటి. రాత్రి మీ గది మరీ చల్లబడితే వెలుగు లేని సిరామిక్ హీటర్ ఒకటి థర్మోస్టాట్‌కు కలిపి పెట్టుకో. ఇక్కడొక్క జాగ్రత్త: తడి ఎప్పుడూ వెచ్చదనంతోనే కలిసి ఉండాలి. చల్లని తడిలో ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తడి తగిలితే జలుబు చేస్తుందన్న మాట పుట్టింది ఆ చల్లని తడి వల్లే. దానికి మందు పొడిచేయడం కాదు, వెచ్చబరచడం.

యూవీబీ దీపం లేకుండా మిగతావన్నీ ఉన్నా లాభం లేదు. ఆ కిరణాలు చర్మం మీద పడితేనే తాబేలు ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది, అది ఉంటేనే తిన్న సున్నం ఎముకకూ డిప్పకూ చేరుతుంది. మీ పిల్ల డిప్ప మెత్తబడడంలో దీని పాలు కూడా ఉండొచ్చు. ఫొటోలో నాకు యూవీబీ గొట్టం ఎక్కడా కనపడలేదు. మెలికల బల్బు వద్దు, పొడవాటి గొట్టమే తీసుకో. ఎంత ఎత్తున పెట్టాలో దాని కాగితంలో ఉంటుంది, ఆ ఎత్తునే, నెత్తిమీదుగా పెట్టు. పక్కనుంచి పెడితే కళ్లకు చేటు. వెలుగు బాగానే కనిపిస్తున్నా లోపల కిరణాల సత్తువ తగ్గిపోతుంది కాబట్టి తయారీదారు చెప్పిన గడువుకు, మామూలుగా ఆరు నుంచి పన్నెండు నెలలకు, మార్చేయాలి. కిటికీ పక్కన పెడితే చాలదా అనకు. మామూలు గాజు ఆ కిరణాలను ఆపేస్తుంది, వేడిని మాత్రం లోపల బంధిస్తుంది. వేసవిలో మంచి ఎండ కాసిన రోజుల్లో పెరట్లోకి తీసుకెళ్లు. ఏ దీపమూ సూర్యుడికి సాటి రాదు. కానీ పైన గట్టి జాలీ, లోపల నీడ, దాక్కునే చోటు ఉండాలి. ఇక్కడి మాగ్‌పైలూ ఎలుకలూ క్షణంలో ఎత్తుకుపోతాయి.

స్నానం గురించి మాత్రం నెమ్మదిగా చదువు, కోడలు పిల్లకూ చదివి వినిపించు. పొద్దున్నే, దీపాలు వేసిన కాసేపటికి, లోతు తక్కువ గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోయి. పాప పుట్టినప్పుడు వదిన ఇక్కడికొచ్చి కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తూ ముందు తన మోచేతితో వేడి చూసుకునేది, గుర్తుందా? అలా చూడు. పై డిప్ప, కింది డిప్ప కలిసే అతుకు దాకా మాత్రమే నీళ్లుండాలి, తల ఎత్తుకుంటే ముక్కు తేలికగా పైన ఉండాలి. పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, చల్లబడితే మళ్లీ వెచ్చని నీళ్లు. మొదట్లో గోడ ఎక్కాలని గింజుకుంటుంది, తర్వాత తల ముంచి గుటకలు వేస్తుంది. ఆ నీళ్లలోనే మలమూత్రాలు వదులుతుంది. తెల్లని యూరేట్లు పెరుగులా మెత్తగా వస్తే ఒంట్లో నీరు బాగుందన్నమాట. ఇసుకలా గరగరలాడితే స్నానం పెంచి, పెట్టెలో తేమ చూసుకో. మొదటి ఏడాదంతా రోజూ ఈ స్నానం ఉండాలి. తర్వాత తగ్గించవచ్చు. ఆఫీసు హడావుడిలో దీపం స్విచ్ టైమర్‌కు అప్పగించు, మేత రాత్రే కోసి ఫ్రిజ్‌లో పెట్టు, కానీ ఈ స్నానానికి ఎగనామం పెట్టకు.

మేతకు వంటింటి కూరలు కాదు, పెరటి కలుపు కావాలి. డాండెలయన్ ఆకులు, పూలు, సో థిసిల్, నేలకు అతుక్కుని నిలువు ఈనెలతో ఉండే ప్లాంటెయిన్, మాలో, మందార ఆకు, పువ్వు, మల్బరీ ఆకు. ఇవి పీచుతో, సున్నంతో నిండినవి. మేతలో భాస్వరం కన్నా సున్నం కనీసం రెట్టింపుండాలి. కుక్కలు తిరిగే దారి పక్కనా, మందు కొట్టిన గడ్డిలోనూ కోయకు. ఒక తొట్టెలో విత్తనాలు చల్లుకుంటే ఏడాది పొడుగునా నీదే తోట. ఫాక్స్‌గ్లవ్, డాఫొడిల్, బటర్‌కప్ మీ పెరట్లో ఉన్నాయి, నేను చూశాను. అవి విషం, దాని దరిదాపుల్లో ఉండకూడదు. మనం బలమనుకుని పెట్టే పాలకూర, తోటకూర, గంగవాయిలి కూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ, అవి సున్నాన్ని కట్టిపడేస్తాయి. ఎప్పుడైనా ఒక ఆకంటే ఫరవాలేదు, రోజూ వద్దు. అరటిపండు, మామిడి ముక్క, దోసకాయ పెడితే ఆత్రంగా తింటుంది. ఆ ఆత్రం చూసి మురిసిపోయి పండ్లు మరిగించకు. హెర్మన్ పేగు పీచుకు అలవాటైనది, చక్కెరతో లోపలి సూక్ష్మజీవుల సమతూకం తలకిందులై విరేచనాలు పట్టుకుంటాయి. శనగలు, బఠాణీలు, కుక్కల తిండి అసలు వద్దు. ఆకుల మీద వారంలో కొన్నిసార్లు కాల్షియం పొడి చిటికెడు. పెట్టెలో ఒక మూల సముద్రఫేనం ముక్క పెట్టి ఉంచు, కావాలనుకున్నప్పుడు అదే కొరుక్కుంటుంది.

గ్రాములు చూపే చిన్న తూనిక ఒకటి కొని, వారానికొకసారి అదే రోజు, అదే వేళ, స్నానానికి ముందు తూచి రాసిపెట్టు. నెలకింత పెరగాలన్న లెక్క పట్టుకుని ఎక్కువ మేపకు, తొందరగా పెరగడం మేలు కాదు. గీత నెమ్మదిగా పైకి పోతుంటే చాలు. వరసగా రెండు తూనికల్లో తగ్గినా, కళ్లు ఉబ్బినా, మూసుకుపోయినా, ముక్కులోంచి బుడగలు వచ్చినా, నోరు తెరిచి ఊపిరి పీల్చినా, ఒకరోజంతా దీపం కిందికి రాకపోయినా అదే రోజు వెట్‌కు ఫోన్ చేయి. రేపు చూద్దాం అనుకునే వ్యవధి పదిహేను గ్రాముల ప్రాణానికి లేదు. కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూసే వెట్ కాదు, సరీసృపాలు తెలిసినవాళ్లు కావాలి. పిల్లను తెచ్చుకోకముందే మీ దగ్గర్లో ఎవరున్నారో కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించు. బ్రిటిష్ చెలోనియా గ్రూప్ లాంటి తాబేలు పెంపకందార్ల సంఘాలను అడిగినా దారి చెబుతారు.

పాప సంగతి. నాలుగేళ్ల పిల్ల కాబట్టి ఈ జాగ్రత్త నీకు తప్పనిసరి. ఆరోగ్యంగా ఉన్న తాబేలు పేగులో కూడా సాల్మొనెల్లా ఉండొచ్చు, ఐదేళ్లలోపు పిల్లలకు అది ప్రమాదం. అమెరికాలో నాలుగంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించింది ఈ భయంతోనే. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించు. ముద్దులు పెట్టనీకు. స్నానం గిన్నె వంటింటి సింకులో కడగొద్దు. పాపకు ఒక పని అప్పగించు: రోజూ డాండెలయన్ ఆకు కోసుకురావడం, తూచిన అంకె పుస్తకంలో రాయడం. చేతిలో పట్టుకుని ఆడుకోవడం కన్నా ఆ పనితోనే దానికి తాబేలు దగ్గరవుతుంది. మొదటిది నిద్రపోయిందని పాపకు చెప్పారట. ఆ మాట సరిచేయి బాబూ. శీతాకాలంలో తాబేలు నిజంగానే నిద్రపోతుంది, అప్పుడు ఆ పసిదాని గుండె ఎంత అదురుతుందో ఆలోచించు. చచ్చిపోయిందనే చెప్పు, ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పు. ఏడిస్తే ఏడవనీ.

శీతాకాల నిద్ర గురించి ఇప్పుడు ఎక్కువ రాయను. తొలి చలికాలం దీపాల కింద మెలకువగానే దాటించు. తర్వాతి ఏడాది, బరువూ ఆరోగ్యమూ వెట్ చూసి సరేనంటే, ఐదు డిగ్రీల ఫ్రిజ్‌లో కొద్ది వారాలు నిద్రపుచ్చడం నేను దగ్గరుండి నేర్పిస్తాను. కొందరు మంచి పెంపకందార్లు మొదటి ఏడాదే నిద్రపుచ్చుతారు, అదీ తప్పు కాదు. తప్పేమిటంటే సగం సగం చేయడం. కరెంటు బిల్లు చూసి దీపాలు తగ్గించి, గదిలో 12, 15 డిగ్రీల దగ్గర వదిలేస్తే అది తినలేదు, నిద్రా పోలేదు, ఒంట్లో దాచుకున్నదంతా కరిగిపోతుంది.

ఇంత శ్రమా ఎన్నాళ్లని అడుగుతావేమో. మొదటి రెండేళ్లూ గట్టిగా చూసుకుంటే తర్వాత దాని మానాన అది బతుకుతుంది, నీ జీవితమంతా బతుకుతుంది. మాకు దగ్గరే సెల్బోర్న్ అనే పల్లె ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో గిల్బర్ట్ వైట్ అనే ప్రకృతి పరిశీలకుడు ఉన్న ఊరు. ససెక్స్‌లో ఆయన మేనత్త ఒక తాబేలును దశాబ్దాలు పెంచి కన్నుమూసింది. 1780లో ఆయన దాన్ని మట్టిలోంచి తవ్వి తీసి, గుర్రపు బండిలో ఇంటికి తెచ్చుకున్నాడు. ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు తవ్వుకుని నిద్రపోతుంది, వాన రాబోతే ఏం చేస్తుంది, అన్నీ ఏళ్ల తరబడి రాసిపెట్టాడు. 1793లో ఆయన పోయాడు, తాబేలు ఆ తర్వాత పోయింది. టిమోతీ అని మగ పేరుతో పిలిచిన ఆ తాబేలు ఆడదని తెలిసింది కూడా అది పోయాకే. కాబట్టి మీ కొత్తది ఆడో మగో కొన్నేళ్లు తేలదు, పాపకు నచ్చిన పేరు పెట్టుకోనీ. మా పెరట్లోని పెద్ద తాబేలును మాత్రం నా తర్వాత నువ్వే చూసుకోవాలని వీలునామాలో రాశాను. అందుకైనా నీకు ఈ విద్య రావాలి.

వచ్చే శనివారం నేను వస్తాను. మూత ఉన్న పెట్టె నువ్వు కొనుక్కో, యూవీబీ గొట్టం, రెండు థర్మామీటర్లు, హైగ్రోమీటర్ కూడా. కొబ్బరి పొట్టు ఇటుకలు, నాచు నా దగ్గరున్నాయి, తెస్తాను. అన్నీ అమర్చి పిల్ల లేకుండానే రెండు వారాలు నడిపించు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అంకెలు రాసి నాకు పంపు. అవి నిలకడగా ఉన్నాయనిపిస్తే, నాకు తెలిసిన పెంపకందారు ఇంటికి ముగ్గురం కలిసి వెళదాం. పాపను తప్పకుండా తీసుకురా.

ఇట్లు
మీ అత్తయ్య